కణం లేదంటే ఏమి లేనట్టు?

ఈ సంచికకు ఏదైనా విమర్శ వ్యాసం రాయమని సంపాదకులు అడిగితే, పుస్తకం ఏదీ చేతికి అందక, ఒకే ఒక్క మాటను విమర్శకు పెట్టుకున్నాను. ఆ మాట ఇంగ్లీషులో "ఎసెల్యులార్". తెలుగులో దానికి "కణరహిత" అని ఒకసారి రాసింది వేరెవరో కాదు, నేనే. కాబట్టి ఈ విమర్శలో దెబ్బలు పడేది నాకే గనక ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. జీవశాస్త్రం పేరు వింటే ఆమడ దూరం పరిగెత్తేవాళ్ళు కూడా కాసేపు కూర్చోవచ్చు. ఇందులో శాస్త్రం పావు వంతు, భాష ముప్పావు వంతు.

ముందు జరిగిన సంగతి చెబుతాను. మిషిగన్‌లో ఒక ఆసుపత్రి లాబొరేటరీలో పాతికేళ్ళు బాక్టీరియాలతో కాపురం చేసి రిటైరయ్యాను. ఆ అర్హత చూసి మా ఊరి తెలుగు మిత్రులు, ఇండియా నుంచి పురుళ్ళకు వచ్చే పెద్దవాళ్ళ కోసం టీకాల కరపత్రం ఒకటి తెలుగు చేసిపెట్టమన్నారు. అది "టీడాప్" అనే టీకా గురించి. ఒకే సూదిలో మూడు జబ్బులకు రక్షణ. టెటనస్‌కి ధనుర్వాతం, డిఫ్తీరియాకి కంఠసర్పి, పెర్టుసిస్‌కి కోరింత దగ్గు. ఈ మూడు మాటలూ మన పెద్దవాళ్ళ నోట్లో నలిగినవే కాబట్టి కలం సాఫీగా నడిచింది. తరవాత వచ్చింది "ఎసెల్యులార్ పెర్టుసిస్". నేను ఒక్క క్షణం కూడా తడుముకోకుండా "కణరహిత కోరింత దగ్గు టీకా" అని రాసి, మంచి తెలుగు రాశానని మురిసిపోయాను.

ఆ సంవత్సరమే మా అమ్మాయి పురిటికి మా వియ్యపురాలు తెనాలి నుంచి వచ్చారు. పసిబిడ్డను ఎత్తుకునే పెద్దలంతా కనీసం రెండు వారాల ముందు ఈ టీకా వేయించుకోవాలని డాక్టరు చెప్పారు. నేను కరపత్రం ఆవిడ చేతికిచ్చి, "వదినగారూ, చదివి చూడండి, రేపో ఎల్లుండో వెళ్ళొద్దాం" అన్నాను. రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది, ఏదో ఒక వంకతో ఆవిడ దాటవేస్తూనే ఉన్నారు. ఒకరోజు కాళ్ళనొప్పులు, ఒకరోజు ఏకాదశి. రెండు వారాలు అలా గడిచాక నేనే కదిపాను.

"మీరేమీ అనుకోనంటే ఒక మాట వదినగారూ" అన్నారు. "రెండేళ్ళ కిందట నాకు డెంగీ వచ్చి కణాలు పడిపోయాయి కదా. గుంటూరు తీసుకెళ్ళి నాలుగు రోజులు పెడితేగానీ మనిషిని కాలేదు. ఇప్పుడు ఈ కణాలు లేని సూది వేయించుకుని, ఉన్నవి కూడా పోగొట్టుకోమంటారా?"

నాకు నోట మాట రాలేదు. ఆవిడ అమాయకత్వానికి కాదు, నా అమాయకత్వానికి. ఈ రోజుల్లో తెలుగు దేశంలో "కణాలు" అనే మాట ఎక్కువగా వినిపించేది డెంగీ వార్డులో. కణాలు తగ్గాయి, కణాలు ఎక్కించారు, కణాలు పెరగడానికి బొప్పాయి ఆకు రసం తాగించారు. ఆ అనుభవం ఉన్న మనిషికి "కణరహిత" అంటే ప్రమాదం అని అర్థమవడంలో తప్పేముంది? మొత్తానికి నేను విషయం వివరించాను, ఆవిడ మర్నాడే టీకా వేయించుకున్నారు. కానీ పురుడు ఒక వారం ముందుకు జరిగింది. రెండు వారాల గడువు పూర్తయ్యేదాకా ఆవిడ మనవణ్ణి ఎత్తుకోకుండా గుమ్మం దగ్గర నిలబడి చూశారు. ఏడువేల మైళ్ళకు పైగా దాటి వచ్చి, చివరి పది అడుగులు దాటలేకపోయారు. నేను రాసిన ఒక్క మాట ఖరీదు అది.

అప్పటినుంచి ఈ మాట నా మెదడును తొలుస్తూనే ఉంది. తప్పు ఎక్కడ జరిగింది? "ఎసెల్యులార్"ని విడదీస్తే ముందు "ఎ", తరవాత "సెల్". "ఎ" గ్రీకుది, లేదు అని చెప్పేది. "సెల్" లాటిన్ది, చిన్న గది అని అర్థం. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే వరసగా చిన్నచిన్న గదులు కనిపించాయి, వాటికి ఆ పేరు పెట్టాడు. హిందీవాళ్ళు కోశిక అన్నారు, కన్నడంవాళ్ళు జీవకోశ అన్నారు. రెండింటిలోనూ ఒక సంచి, ఒక ఒర, ఏదో ఒక లోపలి చోటు ఉంది. మనం మాత్రం "కణం" అన్నాం. కణం అంటే గింజ, నూక, రేణువు. కణాదుడి పేరులో ఉన్నది ఆ కణమే. గది మన భాషలోకి వచ్చేసరికి గింజ అయింది.

మామూలుగా దీనివల్ల నష్టమేమీ లేదు. ఏకకణ జీవి, బహుకణ జీవి, రక్తకణం, అన్నీ చక్కగా నడిచిపోతున్నాయి. చిక్కంతా "లేదు" అని చెప్పవలసి వచ్చినప్పుడే. గదులు లేని ఇల్లు కూడా ఇల్లే, లోపల ఒకటే పెద్ద హాలు ఉందనుకుంటాం. గింజలు లేని గాదె మాత్రం ఖాళీ గాదె. "కణరహిత" అనగానే తెలుగు చెవికి వినిపించేది ఆ ఖాళీ. మా వదినగారి రెండో సందేహం కూడా అదే. "అయినా ఏమీ లేని మందుకి సూదెందుకూ?" అన్నారు.

"సెల్ లేని" అని ఇంగ్లీషు మాటనే ఉంచేస్తే పోలేదా అంటారేమో. ఇవాళ తెనాలిలో సెల్ లేని మనిషి అంటే ఫోను లేని మనిషి. టార్చిలైటులోదీ సెల్లే, జైల్లోదీ సెల్లే. అటు వెళ్ళినా దారి సుగమం కాదు.

ఇక ఆ "లేదు" సంగతి. మన వ్యాకరణ సంప్రదాయంలో మాట ముందు చేరే "అ"కి ఆరు అర్థాలు చెబుతారు: పోలిక, లేమి, వేరైనది కావడం, కొంచెమే ఉండడం, తగనిది కావడం, విరుద్ధం కావడం. అకాల వర్షం అంటే కాలమే లేని వర్షం కాదు, తగని కాలంలో పడ్డ వర్షం. అధర్మం అంటే ధర్మం లేకపోవడమే కాదు, ధర్మానికి ఎదురు తిరగడం. అనుదర అంటే పొట్ట లేని స్త్రీ కాదు, సన్నని నడుము ఉన్న స్త్రీ. మన పెద్దలు ఇంత చిన్న అక్షరం మీద ఇంత శ్రద్ధ పెడితే, నేను "రహిత" అని ఒక్క లేమి అర్థాన్నే తీసుకుని చేతులు దులుపుకున్నాను. శాస్త్రవేత్తలు ఈ "ఎ"ని ఎన్ని రకాలుగా వాడుతున్నారో చూస్తే నా తొందరపాటు మీకే తెలుస్తుంది.

మొదటిది వైరస్. దానికి ఏ దశలోనూ కణ నిర్మాణం లేదు. కొంత జన్యుపదార్థం, దాని చుట్టూ ప్రొటీన్ తొడుగు, కొన్నింటికి పైన కొవ్వు పొర. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను పటికబెల్లం పలుకుల్లాగా స్ఫటికాలుగా తయారుచేస్తే, ఇది ప్రాణమా పదార్థమా అని లోకం ముక్కున వేలేసుకుంది. ఇక్కడ "ఎసెల్యులార్" అంటే కణం కాని వేరే జాతి వస్తువు. మరి మన పత్రికలు కోవిడ్ రోజుల్లో ఏం రాశాయి? "గాలిలో వైరస్ కణాలు" అని రాశాయి. రేణువులు అనే అర్థంలో అది సరైన తెలుగే. కానీ ఆ పక్కనే "వైరస్ కణరహితం" అని రాస్తే, "ఈ కణానికి కణం లేదు" అని చెప్పినట్టయింది.

రెండోది ఫైసేరమ్ అనే జిగురు జీవి. కుళ్ళిన దుంగల మీద పసుపుపచ్చగా పాకుతుంది. దీని శరీరమంతా ఒకే ముద్ద. లోపల వేలూ లక్షలుగా కేంద్రకాలు ఉంటాయి, వాటి మధ్య గోడలు మాత్రం ఉండవు. దీన్నీ ఎసెల్యులార్ అనే అంటారు. ఇక్కడ లేనిది కణం కాదు, విభజన. క్లిఫర్డ్ డోబెల్ అనే ఆయన 1911లోనే ఇలాంటి వాదన ఒకటి లేవదీశాడు. అమీబా వంటివాటిని ఏకకణ జీవులు అనడమే పొరపాటు, అవి కణాలుగా విడిపోని పూర్తి జీవులు అన్నాడు. మనకి ఈ భావానికి చక్కని మాట సిద్ధంగా ఉంది. ఆస్తులు పంచుకోకుండా, వంటిల్లు ఒకటిగా ఉన్న కుటుంబాన్ని అవిభక్త కుటుంబం అంటాం కదా, ఫైసేరమ్ అవిభక్త దేహం. దీన్ని "కణరహిత" అంటే, అవిభక్త కుటుంబాన్ని "మనుషులు లేని ఇల్లు" అన్నట్టుంటుంది.

మూడోది చేప ముల్లు. మన ఇండియన్ స్టోరులో దొరికే శీలావతి చేప ఎముకలో, మన ఎముకలో ఉన్నట్టే, కణాలు చిక్కుకుని ఉంటాయి. అమెరికన్ దుకాణాల్లో దొరికే టిలాపియా ఎముకలో ఉండవు. ఆ ఎముకనూ కణాలే కట్టాయి, కానీ కడుతూ కడుతూ వెనక్కి జరిగిపోయాయి. తాపీ మేస్త్రీ ఇల్లు కట్టి వెళ్ళిపోయాడు తప్ప గోడలో ఇరుక్కోలేదు. దీన్నీ ఎసెల్యులార్ అనే అంటారు.

నాలుగోది కాలిన గాయాలకూ, శరీరంలో పోయిన భాగాలను మళ్ళీ కట్టే శస్త్రచికిత్సలకూ 1990ల నుంచి వాడుతున్న చర్మపు పొర. దాత చర్మంలోంచి కణాలన్నీ కడిగేసి, కొలాజెన్ అల్లికను మాత్రం మిగులుస్తారు. దాత కణాలు ఉంటే రోగి శరీరం తిరగబడుతుంది, అందుకని. ఇక్కడ ఒకప్పుడు ఉన్నదాన్ని పనిగట్టుకుని తీసేశారు. దీన్ని తెలుగు చేయబోతే ఇంకో తమాషా ఉంది. టిష్యూ అనే మాటకు మనం ఎప్పుడో "కణజాలం" అని పెట్టుకున్నాం, అంటే కణాల వల. ఇప్పుడు "కణరహిత కణజాలం" అంటే, కణాలు లేని కణాల వల!

అయిదోది మన టీకా. దీని కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లోకి వచ్చే ఎసెల్యులార్ ఇదొక్కటే.

కోరింత దగ్గు బాక్టీరియాను 1906లో బోర్డే, జాంగు అనే ఇద్దరు వేరుచేశారు. 1930లలో, నేను ఉంటున్న ఈ మిషిగన్ రాష్ట్రంలోనే, గ్రాండ్ రాపిడ్స్‌లో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అనే ఇద్దరు స్త్రీలు, పగలు లాబొరేటరీ పని చూసుకుని సాయంత్రాలు జబ్బుపడ్డ పిల్లల ఇళ్ళకు తిరిగి నమూనాలు సేకరించి, నమ్మదగిన టీకా తయారుచేశారు. అందులో ఉండేది చంపేసిన బాక్టీరియా, మొత్తానికి మొత్తం. అది బాగా పనిచేసింది. కానీ ఆ బాక్టీరియా గోడలో ఉండే విషపదార్థాల వల్ల పిల్లలకు జ్వరం, వాపు, రాత్రంతా ఏడుపు. జపాన్‌లో 1975లో టీకా తరవాత ఇద్దరు పసివాళ్ళు చనిపోతే ప్రభుత్వం టీకాను కొంతకాలం ఆపేసింది, జనం కూడా భయపడి మానుకున్నారు. 1979కల్లా ఆ దేశంలో పదమూడు వేల మందికి కోరింత దగ్గు వచ్చి నలభై ఒక్కమంది చనిపోయారు. ఆ భయంలోంచి పుట్టింది కొత్త టీకా. జపాన్ 1981లో దాన్ని వాడుకలోకి తెచ్చింది. అమెరికాలో పసిపిల్లల మోతాదులన్నిటికీ ఇదే వాడమని 1997లో సిఫారసు వచ్చింది. పెద్దవాళ్ళ టీడాప్ 2005లో వచ్చింది.

ఈ కొత్త టీకాలో ఏముంది? పులుసు పెట్టేటప్పుడు చింతపండును పిక్కలూ ఈనెలతో సహా గిన్నెలో వెయ్యం కదా. నానబెట్టి, పిసికి, వడగట్టి రసం తీసుకుంటాం. అలాగే ఈ టీకాకు బాక్టీరియాను మొత్తంగా వెయ్యకుండా, దాని నుంచి రెండు నుంచి అయిదు దాకా ప్రొటీన్లను తీసి శుద్ధి చేసి వాడతారు. అందులో ఒకటి విరిచేసిన విషం. మిగిలినవి ఆ బాక్టీరియా మన గొంతులో అతుక్కోవడానికి వాడుకునే పనిముట్లు. అంటే ఇక్కడ "ఎసెల్యులార్" అంటే ఖాళీ కాదు, కణం మొత్తంగా లేదని మాత్రమే. అనుదర లాంటి "అ" ఇది, లేమి చెప్పేది కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. కణం ఎన్నడూ కానిది ఒకటి, గోడలు పడనిది ఒకటి, కణాలు కట్టి వెళ్ళిపోయినది ఒకటి, కడిగేసినది ఒకటి, సారం తీసుకున్నది ఒకటి. ఇంగ్లీషు ఈ అయిదింటినీ ఒకే చాప కింద తోసేసింది. ఆ చాపనే నేను తెలుగు రంగు వేసి పరిచాను.

దీనికి ఒక అభ్యంతరం చెప్పవచ్చు, చెప్పారు కూడా. "పారిభాషిక పదం ఒక గుర్తు మాత్రమే. అది అంతా వివరించనక్కరలేదు. ఇంగ్లీషు చదివేవాళ్ళకి మాత్రం ఎసెల్యులార్ అంటే తెలుసా?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ప్రయోగశాలలో ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు గుర్తు చాలు. ముప్ఫై ఏళ్ళు ఈ మాటను వాడినప్పుడు నాకూ ఏ ఇబ్బందీ రాలేదు. కానీ కరపత్రం ప్రయోగశాల కాదు. ఇంగ్లీషు పాఠకుడు "ఎసెల్యులార్" దగ్గర ఆగి, అర్థంకాక, దాటి ముందుకు వెళ్ళిపోతాడు. తెలుగు పాఠకురాలికి "కణరహిత" అర్థమవుతుంది, వేరే రకంగా అర్థమవుతుంది. అర్థంకాని మాట కంటే తప్పుగా అర్థమయ్యే మాట ప్రమాదం. తెలుగు మాటలు తయారుచేసే మనలాంటి ఉత్సాహవంతులం గుర్తుపెట్టుకోవలసింది ఇదేనని నాకు తోస్తుంది.

మరి మన దేశంలో జనం దీన్ని ఏమంటున్నారు? ప్రైవేటు పిల్లల డాక్టర్ల దగ్గర "పెయిన్‌లెస్" అంటున్నారు. నొప్పి లేని టీకా. ఇక్కడా మళ్ళీ ఒక "లేదు"! జ్వరం, వాపు తక్కువ అన్నమాట నిజమే గానీ, ఆ పేరు రెండో సగాన్ని చెప్పదు. ఈ టీకా ఇచ్చే రక్షణ పాత టీకా కంటే త్వరగా పలచబడుతుంది. కాలిఫోర్నియాలో 2010లో తొమ్మిది వేల మందికి పైగా జబ్బు వచ్చి పదిమంది పసివాళ్ళు చనిపోయాక ఈ సంగతి మీద చర్చ పెరిగింది. బబూన్ కోతుల మీద చేసి 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో, కొత్త టీకా వేసిన కోతులకు జబ్బు రాలేదు గానీ, బాక్టీరియా వాటి గొంతులో చేరి పక్క కోతులకు పాకింది. అందుకే పాత టీకా వాడుతున్న దేశాలు పసిపిల్లల తొలి మోతాదులకు దాన్నే కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఇండియాలో ప్రభుత్వం ఇచ్చే పెంటావలెంట్‌లో ఉన్నది ఆ పాత రకమే. "గవర్నమెంటు సూది మోటుది, డబ్బు పెట్టి కొన్నది మేలురకం" అని మనవాళ్ళు అనుకోవడం వెనక ఆ "లెస్" చేసిన మాయ కొంత ఉంది. రెండూ మంచి టీకాలే. ఒకటి ఎక్కువ ఏడిపించి ఎక్కువకాలం కాస్తుంది, ఇంకొకటి తక్కువ ఏడిపిస్తుంది గనక మళ్ళీ మళ్ళీ వేయించుకోవాలి. ప్రతి కాన్పులోనూ తల్లికి టీడాప్ ఇవ్వమని 2012 నుంచి ఇక్కడ చెబుతున్నది కూడా, రెండు నెలలు నిండి తన సొంత టీకా మొదలయ్యేదాకా బిడ్డకు తల్లి నుంచి రక్షణ అందాలనే.

ఇంతకీ నేను తేల్చుకున్నది ఏమిటంటే, ఈ మాటను తెలుగు చేసేటప్పుడు లేనిదాన్ని చెప్పడం మానేసి ఉన్నదాన్ని చెప్పాలి. మన పాత మాటలు చూడండి. ధనుర్వాతం అంటే ఒళ్ళు విల్లులా వంగడం కనిపిస్తుంది. కంఠసర్పి అంటే గొంతులో పాకేది ఏదో కనిపిస్తుంది. ఆ మాటలు పుట్టించినవాళ్ళకు బాక్టీరియా తెలియదు గానీ, చూసినదాన్ని చెప్పడం తెలుసు. ఆ దారిలో పోతే వైరస్‌ను "కణం కానిది" అందాం. ఫైసేరమ్‌ను అవిభక్త దేహం అందాం. టిలాపియా ముల్లును ఒట్టి ఎముక అన్నా నాకు అభ్యంతరం లేదు. గాయానికి వేసే పొరను "కణాలు కడిగిన చర్మం" అందాం. టీకాను "సారపు టీకా" అనో, "భాగాల టీకా" అనో అందాం, పాతదాన్ని "పూర్తి కణపు టీకా" అందాం. ఒక ఇంగ్లీషు మాటకు అయిదు తెలుగు మాటలా అని కంగారు పడనక్కరలేదు. "అంకుల్" అనే ఒక్క మాటకు మనకి పెదనాన్న, బాబాయి, మామయ్య ఉన్నారు. ఎవరూ బరువని ఎవరినీ వదులుకోలేదు కదా.

కరపత్రం తిరగరాశాను. ఇప్పుడు అందులో ఇలా ఉంది: "ఈ టీకాలో కోరింత దగ్గు బాక్టీరియా పూర్తిగా ఉండదు. దాని నుంచి తీసి శుద్ధి చేసిన కొన్ని ప్రొటీన్లు మాత్రమే ఉంటాయి. మీ రక్తకణాలకూ ఈ టీకాకూ సంబంధం లేదు." అచ్చుకు ఇచ్చేముందు వాట్సాప్‌లో తెనాలి పంపించి, వదినగారి చేత చదివించాను. చదివి ఫోను చేశారు.

"ఇప్పుడు బాగుంది వదినగారూ. ఈ మాట ముందే రాసి ఉంటే ఆ పదిరోజులూ నాకు మిగిలేవి కదా" అన్నారు.

కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం జవాబు దొరకలేదు. మీలో ఎవరైనా ఇలాంటి అనువాదాలు చేస్తుంటే, అచ్చుకు పంపేముందు ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ చేత ఒకసారి చదివించండి. ఎక్కడ ఆగారో చూడండి. ఆగిన చోట ఏమనుకున్నారో అడగండి.